మొదటి రేసులో గెలుపు, మూడో రేసులో ఓటమి: రెండిట్లో దేన్ని నమ్మాలి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకుడి సుదీర్ఘమైన ఉత్తరానికి సారాంశం ఇది. ఆయనా, ఆయన అక్కగారి భర్తా చెరిసగం పెట్టుబడితో, ఏడాది వయసున్న ఒక ఆడ గుర్రపు పిల్లను వేలంలో కొన్నారు. పాఠకుడి వాటా సొమ్ము కూతురి పైచదువుకని దాచినది. ఏప్రిల్ చివరి వారంలో పుట్టిన ఆ పిల్ల రెండేళ్ల ప్రాయంలో ఇప్పటికి మూడు రేసుల్లో పరుగెత్తింది. 1000 మీటర్ల మొదటి రేసులో ఆరు గుర్రాలే ఉన్నాయి. అందులో అది గేటు తెరుచుకున్నది మొదలు ముందే ఉండి అయిదు లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు.) వెంటనే కొన్న ధరకు మూడు రెట్లు ఇస్తామని ఒకరు వచ్చారు. బావగారు ఈయనతో మాట మాత్రమైనా చెప్పకుండా ఆ బేరం కాదన్నారు. రెండో రేసు 1200 మీటర్లు, వాన పడిన ట్రాక్. గేటు దగ్గర నాలుగు లెంగ్త్‌లు ఆలస్యమై, ముందు గుర్రాల డెక్కల నుంచి లేచిన బురద ముఖాన పడుతుంటే తల విదిలించుకుంటూ, పదకొండు గుర్రాల్లో నాలుగోదిగా, ఆరు లెంగ్త్‌ల వెనక ముగించింది. బేరానికి వచ్చినవారు మళ్లీ కనిపించలేదు. మూడో రేసు 1400 మీటర్లు. అందులోనూ గేటు దగ్గర కాస్త తడబడింది, మలుపులో గుర్రాల మధ్య ఇరుక్కుంది, చివరికి మెడ తేడాతో తొమ్మిదింటిలో రెండో స్థానం దక్కింది. ఇప్పుడు మరొకరు కొన్న ధరకు రెట్టింపు ఇస్తామంటున్నారు, నెలాఖరులోగా జవాబు చెప్పమంటున్నారు.

బావగారి వాదన సూటిగా ఉంది. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. ఇది మొదటి రోజు పరిమళించి, తర్వాత వాడిపోయింది. ఉన్నంతలో అమ్మేద్దాం" అంటున్నారు. పాఠకుడికి అమ్మాలని లేదు. అయితే తన మనసు చెబుతున్నది నిజమో, ఆ పిల్ల మీద పెంచుకున్న మమకారమో ఆయనకే తెలియడం లేదు. ట్రైనరు "సమయం ఇవ్వండి" అన్న రెండు మాటలు తప్ప మరేమీ చెప్పడు. నెలనెలా ఫీజు వస్తున్నంత కాలం ఏ ట్రైనరైనా అదే అంటాడని బావగారి ఎత్తిపొడుపు. మూడు రేసులను బట్టి ఒక గుర్రం భవిష్యత్తు చెప్పగలమా, చెప్పలేకపోతే ఏ ఆధారంతో నిర్ణయించుకోవాలి అన్నది ప్రశ్న.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చినది దాని వెనక మీరు జతచేసిన కాగితం. మూడు రేసుల్లోనూ ఏ గుర్రం ఎంత బరువు మోసింది, ఎంత సమయం పట్టింది, ఆ రోజు జరిగిన మిగతా రేసుల సమయాలేమిటి, మీ పిల్లతో పరుగెత్తిన గుర్రాలు తర్వాత ఏం చేశాయి అన్నవన్నీ అందులో ఓపికగా రాశారు. ఆ కాగితాన్ని మీరే ఇంకొకసారి నింపాదిగా చదివి ఉంటే ఈ ఉత్తరంలో సగం రాయనవసరం లేకపోయేది. మీ బావగారు 1, 4, 2 అనే మూడు అంకెలను చూస్తున్నారు. మీరేమో ఆ పిల్ల కళ్లను చూస్తున్నారు. ఆ కాగితం ఈ రెండూ కాని మూడో సంగతి చెబుతోంది.

మొదటి రేసుతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇద్దరి మధ్య తగాదాకు మూలం అదే. అయిదు లెంగ్త్‌ల గెలుపు కంటికి ఇంపుగా ఉంటుంది. కాని ఆ తేడా గెలిచిన గుర్రం ఎంత మంచిదో చెప్పినంతగానే, ఓడినవి ఎంత బలహీనమైనవో కూడా చెబుతుంది. ఆ రెండింటినీ విడదీయడానికి ఆ రోజు సాయంత్రానికి ఏ ఆధారమూ ఉండదు. ఇప్పుడు ఉంది. వెనకబడిన ఆ అయిదు గుర్రాల్లో ఒక్కటి కూడా ఇంతవరకు గెలవలేదని మీరే రాశారు. పైగా అదే రోజు, అదే ట్రాక్ మీద, అదే దూరంలో జరిగిన మరో రెండేళ్ల గుర్రాల రేసు మీ రేసు కంటే 1.2 సెకన్లు తక్కువ సమయంలో పూర్తయింది. సెకనుకు అయిదారు లెంగ్త్‌లని స్థూలంగా లెక్కవేసుకున్నా, ఆ రెండు రేసులను కలిపి ఒకటిగా పరుగెత్తించి ఉంటే మీ పిల్ల ఆరేడు లెంగ్త్‌ల వెనక వచ్చేది. గాలి దిశ మారి ఉండవచ్చు, గేటు తీరు వేరై ఉండవచ్చు కాబట్టి ఈ లెక్కను అక్షరాలా పట్టుకోనవసరం లేదు. కాని జాకీ చివరి గజం వరకు దాన్ని ముందుకు తోస్తూనే ఉన్నాడని మీరు రాశారు గనుక, అది అలవోకగా పరుగెత్తి సమయం వృథా చేసిందని కూడా అనలేం. కాబట్టి ఆ గెలుపు బలహీనమైన గుర్రాల మీద వచ్చిన గెలుపు. ఆ రోజు మూడు రెట్ల ధర ఇస్తామన్నవారు అయిదు లెంగ్త్‌లను చూసి వచ్చారు గాని గడియారాన్ని చూసి కాదు.

తొలి గెలుపులో తేడా ఎంత తక్కువ చెబుతుందో తెలియాలంటే ఫ్రాంకెల్ అనే ప్రసిద్ధ ఇంగ్లండు గుర్రం మొదటి రేసు గుర్తుచేసుకోండి. 2010 ఆగస్టులో ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో అది గెలిచింది కేవలం అర లెంగ్త్ తేడాతో. ఆ రోజు రెండోదిగా వచ్చిన నథానియల్ మరుసటి ఏడాది కింగ్ జార్జ్ రేసునూ, ఆ పై ఏడాది ఎక్లిప్స్ రేసునూ గెలిచాక గాని ఆ అర లెంగ్త్ విలువ పూర్తిగా బోధపడలేదు. ఫ్రాంకెల్ పరుగెత్తిన పద్నాలుగు రేసుల్లోనూ ఓటమి ఎరుగదు. ఆ మొదటి రోజు మీ పిల్ల గెలిచిన తేడాతో పోలిస్తే ఫ్రాంకెల్ తేడా పదోవంతు.

రెండో రేసు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బురద, ఆలస్యం, తెలియనితనం, అన్నీ కలిసిన పరుగు అది. అయితే ఒక హెచ్చరిక. ఓడిన ఆరు లెంగ్త్‌ల నుంచి గేటు దగ్గర పోయిన నాలుగు లెంగ్త్‌లను తీసివేసి, "నిజానికి రెండు లెంగ్త్‌లే" అని మీరు మీ కాగితం అంచున రాసుకున్నారు. అలా చేయకండి. వెనకబడిన గుర్రం ఒక్కోసారి ముందున్న గుర్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడి అలసిపోవడం వల్ల లాభపడుతుంది, ఒక్కోసారి వాటిని అందుకునే తొందరలో ఊపిరి పోగొట్టుకుంటుంది. అది కూడికలు తీసివేతల వ్యవహారం కాదు. ఇంకొక మాట, ఇది మీకు నచ్చకపోవచ్చు. గేటు దగ్గర ఒకసారి తడబడితే అది సాకు, రెండుసార్లు తడబడితే అలవాటు. మూడో రేసులోనూ అదే జరిగింది కాబట్టి, ఈ పిల్లకు గేటులో నిలబడి బయటకు దూకడం ఇంకా పట్టుబడలేదని ఒప్పుకోవాలి. కొన్ని వారాల సాధనతో అది చాలావరకు సర్దుకునే లోపమే, కాని ట్రైనరు ఆ పని చేయిస్తున్నాడో లేదో మీరు అడగాలి. "సమయం ఇవ్వండి" అన్న మాటకు అర్థం గేటు సాధనా, ఎదుగుదలా, విశ్రాంతా అని సూటిగా అడిగితే సమాధానం చెప్పని ట్రైనరు ఉండడు.

ఇక మూడో రేసు. నా దృష్టిలో ఈ పిల్ల గురించి మనకు తెలిసినదంతా అందులోనే ఉంది. మీ బావగారు దాన్ని ఓటమిగా లెక్కించారు. మీరు "పాపం, దారి దొరకలేదు" అని జాలిపడ్డారు. ఇద్దరూ ముఖ్యమైన విషయాన్ని వదిలేశారు. ఆ రేసు ఆరంభంలో నెమ్మదిగా సాగిందనీ, గెలిచిన గుర్రం మొదటి నుంచీ ముందే ఉందనీ మీ కాగితం చెబుతోంది. వేగం తక్కువగా ఉన్న రేసులో ముందున్న గుర్రం బలం మిగుల్చుకుంటుంది, వెనకున్నదానికి ఆ అవకాశం తక్కువ. అటువంటి రేసులో మీ పిల్ల ఏడో స్థానం నుంచి వచ్చి, చివరి 400 మీటర్లను గెలిచిన గుర్రం కంటే అర సెకను తక్కువ సమయంలో పూర్తిచేసింది. నెమ్మదిగా మొదలైన రేసుల్లో చివరి వేగం అన్ని గుర్రాలకూ బాగా కనిపిస్తుంది కాబట్టి, ఆ అంకెను వేరే రోజు అంకెలతో పోల్చవద్దు. కాని ఒకే రేసులో, ఒకే క్షణంలో, పక్కపక్కన పరుగెత్తిన రెండు గుర్రాల మధ్య అర సెకను తేడాను తోసిపుచ్చలేం.

దానికి తోడు బరువు. మొదటి రేసు గెలిచినందుకు మీ పిల్ల ఈ రేసులో గెలిచిన గుర్రం కంటే రెండు కిలోలు ఎక్కువ మోసింది. ఈ దూరాల్లో ఒక కిలో ఇంచుమించు ఒక లెంగ్త్ అని హ్యాండికాపర్లు (గుర్రాలు మోయవలసిన బరువులు నిర్ణయించేవారు) వేసే మోటు లెక్క. అందులో సగమే ఒప్పుకున్నా, మెడ తేడా ఓటమి కాగితం మీద గెలుపుకు సమానమవుతుంది. మీ బావగారు గర్వపడే మొదటి గెలుపే ఆ రెండు కిలోలను దాని వీపున వేసిందనే సంగతి ఆయనకు చెబితే బహుశా నవ్వుతారు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం తర్వాత వచ్చింది. ఆ రేసు గెలిచిన గుర్రం మూడు వారాలకు పై తరగతి రేసులో మళ్లీ గెలిచింది. మీ పిల్లకు మూడు లెంగ్త్‌ల వెనక వచ్చినది తన తర్వాతి రేసులో గెలిచింది. నాలుగోది రెండుసార్లు ఓడింది, దాన్నీ లెక్కలో ఉంచుకుందాం. మొదటి రేసులో ఓడిన గుర్రాలతో ఈ గుర్రాలను పోల్చి చూస్తే, మీ పిల్ల వాడిపోవడం సంగతి అటుంచి, మొదటి రోజు కంటే ఎన్నో లెంగ్త్‌లు ముందుకు వచ్చిందని తెలుస్తుంది. 1, 4, 2 అనే వరసలో దిగజారుడు కనిపిస్తుంది. ఎవరి మీద, ఎలా అన్న వరసలో ఎదుగుదల కనిపిస్తుంది.

ఈ పిల్ల ఇంకా ఎదుగుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి రేసుల కంటే శరీరం మెరుగైన సమాధానం చెబుతుంది. ఉత్తరార్ధ గోళంలో పుట్టిన పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1 నాడే వయసు ఒక ఏడాది పెరుగుతుంది. కనుక ఏప్రిల్ చివర్లో పుట్టిన మీ పిల్ల జనవరిలో పుట్టినవాటితో మూడు నెలల చిన్నతనంతో పోటీపడుతోంది. మూడు నెలలంటే మనకు తేలికే, రెండేళ్ల గుర్రానికి మాత్రం చాలా పెద్ద తేడా. ముంగాలి మోకాలి పైనున్న ఎముక చివర పెరుగుదల ఆగేది ఇంచుమించు రెండు, రెండున్నరేళ్ల మధ్య. వెన్నెముక అంతకంటే ఎంతో ఆలస్యంగా గట్టిపడుతుంది. పందెపు గుర్రాలు తమ గరిష్ఠ వేగాన్ని సాధారణంగా నాలుగు, అయిదేళ్ల మధ్య అందుకుంటాయి. లాయంలో పక్కనుంచి చూస్తే దాని వెనకభాగం ముందుభాగం కంటే ఎత్తుగా కనిపిస్తోందని మీరు యథాలాపంగా ఒక వాక్యం రాశారు. అది యథాలాపమైన విషయం కాదు. గుర్రపు పిల్లలు వెనక ఒకసారి, ముందు ఒకసారి పెరుగుతుంటాయి. వెనక ఎత్తుగా ఉన్నదంటే ముందుభాగం ఇంకా అందుకోవలసి ఉన్నదని అర్థం. దాని తల్లి 1600, 2000 మీటర్ల రేసులు గెలిచింది, దానికి అక్క అయిన గుర్రం మూడో ఏట గాని గెలవలేదు. అలాంటి కుటుంబంలో పుట్టిన పిల్ల 1000 మీటర్లలో నెగ్గడమే కాస్త ఆశ్చర్యం. దూరం పెరిగే కొద్దీ మెరుగవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక్కడ మీరు ఉప్పొంగిపోకుండా ఒక మాట చెప్పాలి. పాత కథలు మీరు విని ఉంటారు. అమెరికా గుర్రం సెక్రటేరియట్ 1972 జులై 4న తన మొదటి రేసులో గేటు దాటగానే గట్టిగా ఢీకొనబడి నాలుగో స్థానంలో వచ్చింది. మరుసటి ఏడాది బెల్మాంట్ రేసును 31 లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. 2009లో ఇంగ్లండు డెర్బీ, ఫ్రాన్సులోని ఆర్క్ గెలిచిన సీ ద స్టార్స్ కూడా మొదటి రేసులో నాలుగోదే. సీబిస్కెట్ తొలి పదిహేడు రేసుల్లో ఒక్కటీ గెలవలేదు. ఈ కథలు మనకు తెలిసినది ఆ గుర్రాలు తర్వాత గొప్పవి అయ్యాయి గనుకనే. మొదటి రేసులో నాలుగోదిగా వచ్చి, ఆ తర్వాత కూడా నాలుగోదిగానే మిగిలిన వేలాది గుర్రాల గురించి ఎవరూ చెప్పుకోరు. నా పాత నోటు పుస్తకాల్లో "దీన్ని కనిపెట్టి ఉండాలి" అని గీత గీసిన రెండేళ్ల గుర్రాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని తర్వాత కనిపెట్టవలసిన అవసరం రాలేదు.

దీనికి అవతలి వైపు కూడా చూడాలి. 1991లో అమెరికాలో రెండేళ్ల గుర్రాల పెద్ద రేసు అయిన బ్రీడర్స్ కప్ జువెనైల్‌ను అరాజి అనే గుర్రం వెనకనుంచి దూసుకొచ్చి గెలిచిన తీరు చూసి, అప్పటిదాకా అటువంటి రెండేళ్ల గుర్రం లేదన్నారు. తర్వాత దాని మోకాళ్లకు శస్త్రచికిత్స జరిగింది, మూడేళ్ల గుర్రాల మేటి రేసు అయిన కెంటకీ డెర్బీలో 1992లో అది ఎనిమిదోది. ఆ జువెనైల్ రేసు 1984లో మొదలైతే, దాన్నీ మరుసటి ఏటి కెంటకీ డెర్బీనీ రెంటినీ గెలిచిన మొదటి గుర్రం స్ట్రీట్ సెన్స్, అది 2007 సంగతి. రెండేళ్ల ప్రాయంలో దేశంలోకెల్లా మేటి అనిపించుకున్న గుర్రాలకే ఆరు నెలల తర్వాత ఏమవుతుందో చెప్పడం ఇంత కష్టమైతే, మూడు మామూలు రేసుల్లో పరుగెత్తిన పిల్ల గురించి నేను జోస్యం చెప్పబోను. నేను చెప్పగలిగింది ఇంతే. ఇది సగటు కంటే మెరుగైన గుర్రం అనడానికి మీ దగ్గర మంచి ఆధారం ఉంది. ఇది గొప్ప గుర్రం అనడానికి ఏ ఆధారమూ లేదు. 1600 మీటర్లలో, మూడో ఏట, మరికొంత పైకి వెళ్లే అవకాశం వెళ్లని అవకాశం కంటే ఎక్కువగా కనిపిస్తోంది.

నిర్ణయం కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది, ఏ దారి ఎంచుకున్నా అది వృథా పోదు. పశువైద్యుడితో ముంగాళ్ల పిక్కలు, మోకాళ్లు చూపించండి, గొంతులోకి కెమెరా గొట్టం వేసి శ్వాసమార్గం పరీక్షించమనండి, కడుపులో పుండ్లున్నాయేమో కూడా చూడమనండి. రెండేళ్ల గుర్రాల్లో ముంగాళ్ల పిక్క ఎముక నొప్పి చాలా మామూలు. శ్వాసమార్గంలో లోపమున్న గుర్రం 1400 దాకా లాగి 1600లో ఆగిపోవచ్చు. కొనేవారు ఎలాగూ సొంత వైద్యుడితో ఇవన్నీ చూపిస్తారు. వారికి తెలిసే సంగతి మీకు ముందే తెలియడం మంచిది. దాన్ని రోజూ చూసుకునే సయీసును కూడా పక్కకు పిలిచి అడగండి, మూడో రేసు రాత్రి దాణా పూర్తిగా తిన్నదా, రొప్పు ఎంతసేపటికి తగ్గింది, మర్నాడు పొద్దున నడకలో బిగువు ఉందా అని. ట్రైనరు నోట రాని సమాధానాలు చాలాసార్లు అక్కడ దొరుకుతాయి.

ఇప్పుడు దారులు. నెలాఖరులోగా పూర్తిగా అమ్మేయడం ఒకటి. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. రెండేళ్ల గుర్రం ధరలో పెద్ద భాగం అది చేసినదానికి కాక, చేయగలదేమో అన్న ఊహకు కట్టిన విలువ. ఒక చెడ్డ రేసుతో ఆ ఊహ ఎలా కరిగిపోతుందో రెండో రేసు తర్వాత మీరు కళ్లారా చూశారు. కూతురి చదువు సొమ్ము రెట్టింపై తిరిగి వస్తుంది. మూల్యం కూడా తెలుసుకోండి. వచ్చే ఏడాది అది ఇంకొకరి రంగులు ధరించిన జాకీతో గెలిస్తే మీ ఇంట్లో ఆ సంగతి ఎన్నాళ్లు నలుగుతుందో మీకే తెలుసు. ఈసారి తొందరపడింది బావగారని మీరూ, మొదటి బేరం కాదన్నది నేనేనని ఆయనా లోలోపల లెక్కలు వేసుకుంటారు. అమ్మేటట్లయితే, ఫలానా స్థాయి రేసు గెలిస్తే అదనంగా ఇంత అని ఒప్పందంలో ఒక షరతు పెట్టించండి. తన గుర్రం మీద నమ్మకమున్న కొనుగోలుదారు దానికి అంత తేలిగ్గా కాదనడు.

అమ్మకుండా రెండు మూడు నెలలు విశ్రాంతినిచ్చి, మూడో ఏట 1600 మీటర్లతో మొదలుపెట్టడం మరో దారి. ట్రైనరు మనసులో ఉన్నది బహుశా ఇదే. పిల్ల శరీరానికి ఇది మేలు. మీ జేబుకు మాత్రం కాదు, గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత పరుగెత్తని గుర్రానికి మరీ వర్తిస్తుంది. విశ్రాంతి నెలల్లో బహుమతి సొమ్ము రాదు, ఖర్చు ఆగదు, ఇప్పటి బేరం నిలవదు. మీది ఆడ గుర్రం కావడం ఇక్కడ కొంత ఊరట. ఒక రేసు గెలిచి, మంచి తల్లికి పుట్టిన ఆడ గుర్రం ట్రాక్ మీద విఫలమైనా పిల్లల తల్లిగా ఎంతో కొంత విలువ నిలుపుకుంటుంది. అదే మగదైతే ఆ భద్రత ఉండేది కాదు. ఈ దారి పట్టేటట్లయితే ఎన్ని రేసులు, ఎంత ఖర్చు దాటితే ఆపాలో ఇప్పుడే రాసుకోండి, ఓడిన రోజు సాయంత్రం అలాంటి గీత ఎవరూ గీయలేరు.

విశ్రాంతి లేకుండా వెంటనే ఇంకొక 1400 రేసులో దింపి, ధర పెరిగాక అమ్ముదామన్న ఆలోచన మీ ఉత్తరం చివర తొంగిచూసింది. మూడు దారుల్లో నాకు తక్కువ నచ్చినది అదే. గెలిస్తే ధర కొంత పెరగవచ్చు. కాని వెనకభాగం ఎత్తుగా ఉన్న పిల్లను, మూడు రేసుల అలసట మీద, కేవలం బేరం కోసం పరుగెత్తించడం వల్ల పిక్కలు పాడైతే అమ్మకమూ పోతుంది, వచ్చే ఏడాదీ పోతుంది. వైద్యుడు నిక్షేపంగా ఉందంటే ఆలోచించండి, అప్పుడు కూడా అది సమాచారం కోసం పెట్టే ఖర్చని తెలిసి చేయండి.

మీ ఇద్దరి పరిస్థితికి ఎక్కువగా సరిపడేది, మీరు ప్రస్తావించనిది, ఇంకొకటి ఉంది. మీ ఇద్దరికీ కావలసినవి వేరు. బావగారికి డబ్బు చేతికి రావాలి, మీకు గుర్రం ఉండాలి. సగం గుర్రాన్ని మాత్రమే అమ్మవచ్చు. కొనుగోలుదారు బావగారి వాటాను ఇప్పటి ధరకే తీసుకుని మీతో భాగస్వామిగా ఉండగలడేమో అడగండి. లేదా మీ ఇద్దరూ చెరో పావు అమ్ముకుని, తలా పావు నిలుపుకోండి. కొన్న ధరకు రెట్టింపు ఇస్తున్నారు గనుక ఇలా చెరో పావు అమ్మితే మీరిద్దరూ పెట్టిన కొనుగోలు సొమ్ము వెనక్కి వచ్చేస్తుంది, అంటే మీ అమ్మాయి చదువు సొమ్ము మళ్లీ దాని చోటికి చేరుతుంది. మిగిలిన పావు మీద ఆశ పెట్టుకున్నా ఎవరికీ అన్యాయం జరగదు. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, కొత్త భాగస్వామికి ట్రైనరునూ రేసులనూ నిర్ణయించే అధికారం ఎంత అన్నది ముందే తేలాలి. సగం వాటా ఉన్నవాడు మాట చెల్లించుకోవాలనుకుంటాడు. నేను మీ స్థానంలో ఉంటే ఈ దారివైపే మొగ్గుతాను, అది మీ గుర్రం గురించి నాకున్న నమ్మకం వల్ల కాదు, ఆ సొమ్ము దేనికోసం దాచినదో మీరు రాశారు గనుక.

మమకారమా, నిజమా అని అడిగారు. రెండూ ఉన్నాయి, వాటిని విడదీసే మార్గం కూడా మీ చేతిలోనే ఉంది. మూడో రేసు వీడియోను మీ బావగారితో కలిసి, వ్యాఖ్యాత గొంతు తీసేసి చూడండి. మలుపు దాటి నేరు దారిలోకి వచ్చాక అది ముందు పెట్టే కాలు మార్చుకుందా లేదా గమనించండి. మలుపులో లోపలి కాలు ముందు వేసిన గుర్రం నేరు దారిలో రెండో కాలికి మారితే కొత్త ఊపు వస్తుంది, అలసిన గుర్రమో, నొప్పి ఉన్న గుర్రమో తరచు మారదు. దారి దొరికిన క్షణాన చెవులు ఎలా ఉన్నాయో, జాకీ కొరడా ఎత్తక ముందే వేగం పెరిగిందో, ఎత్తాక పెరిగిందో చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా గీత దాటిన తర్వాత వీడియో ఆపకండి. గీత దాటిన తర్వాత వంద, నూటయాభై మీటర్లలో గెలిచిన గుర్రాన్ని అది దాటిపోయిందా, దానితో పాటే నెమ్మదించిందా? దాటిపోతే 1600 మీటర్ల మీద నా అంచనాకు అదొక బలం. కలిసి నెమ్మదిస్తే నా మాటలో కొంత తగ్గించుకోండి, ఇప్పటి ధర మరికాస్త మంచి ధరగా కనిపిస్తుంది.

మీ బావగారితో మాట్లాడేటప్పుడు మొదటి బేరం సంగతి ఎత్తవద్దు. ఆయన మిమ్మల్ని అడగకుండా కాదనడం తప్పే, కాని ఇప్పుడు అమ్మేద్దామని ఆయన తొందరపడటానికి ఆ రోజు చేసిన పొరపాటు మీద సిగ్గే కారణమని నా అనుమానం. గడియారం లెక్క చూపించి, ఆ మూడు రెట్లు ఆ రోజు గుర్రం అసలు విలువ కాదని చెప్పండి. ఆయన వదులుకున్నది ఒక మంచి బేరాన్నే, గుర్రం మాత్రం పాడవలేదు. ఆ తర్వాత, ఇకమీదట ఏ బేరమైనా ఇద్దరి సంతకం లేకుండా ఔననీ కాదనీ అనకూడదని ఒక కాగితం రాసుకోండి. వాటాల సంగతి, ఆపవలసిన గీత సంగతి కూడా అందులోనే చేర్చి, మీ అక్కగారికీ మీ భార్యకూ చదివి వినిపించండి. వైద్యుడి నివేదిక పది రోజుల్లో వస్తుంది, కొనుగోలుదారు గడువు నెలాఖరు. ఈ లోపు ఆయన ఫోను చేస్తే, సగం వాటా తీసుకోవడానికి ఇష్టమేనా అన్న ఒక్క ప్రశ్న మాత్రం అడిగి పెట్టేయండి.